దాఖలా పుస్తకమును పట్టికలోని కెక్కించుట

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నడచిన గ్రంథాలయమునకు ఆస్తి రెండు చోట్ల నుండును. బీరువాలలోని పుస్తకములు ఒకటి. ఆ పుస్తకములకు సాక్ష్యము పలుకు దాఖలా పుస్తకము రెండవది. పుస్తకము పోయినచో మరియొక ప్రతి తెప్పింపవచ్చును. ఏది పోయినదో తెలియకుండ పోయినచో దానిని తెప్పింపవలెనను తలంపే ఎవరికిని పుట్టదు. కావున దాఖలా పుస్తకము చెడుట పుస్తకములు చెడుటకంటె పెద్ద కీడు.

ఆ దాఖలా పుస్తకమును కంప్యూటరులోని కెక్కింపవలెనని నేడు అనేక గ్రంథాలయములవారు పూనుకొనుచున్నారు. పని సామాన్యముగ నిట్లు జరుగును. చదువుకొనిన పిల్లలు నలుగురు సెలవులలో కూర్చుండి, పాత రిజిస్టరు పుటలను ముందు పెట్టుకొని, పద్దులను వరుసగా టైపు చేసి యుంతురు. అట్లు సిద్ధమైన వేలకొలది వరుసలను ఒక చిన్న ఆజ్ఞాపత్రముచేత ఒక్కమారుగ పట్టికలోనికి ఎక్కింతురు. ఆ ఎక్కించుట యెట్లు, ఎక్కించునపుడు ఎచ్చటెచ్చట చెడును, అనునదే నేటి ప్రసంగ విషయము. ఇది యంత్రములవారి విద్య గదా, చందాదారులకేల యని కొందఱు తలంపవచ్చును. పద్దు వ్రాయుట, మొత్తము కట్టుట, చూచుకొనుట ఎఱిగినవారికి ఇందు క్రొత్తది మిక్కిలి స్వల్పము.

పట్టిక యనగా గీతలు గీసిన పుటయే. 1984వ సంవత్సరమున గ్రామాధికారుల పదవులు రద్దగువఱకు కరణములు వ్రాయుచుండిన అడంగలు ఒక పట్టిక. సర్వే నంబరు కొక నిలువు గడి, విస్తీర్ణమున కొకటి, పైరున కొకటి. ఒక్కొక్క అడ్డువరుస ఒక్కొక్క భూమి వృత్తాంతము. 1970లో ఐ.బి.యం. సంస్థయందు పనిచేయుచుండిన ఇ. ఎఫ్. కాడ్ అను ఆంగ్లేయుడు, కంప్యూటరులోని సమాచారము నంతటిని ఇట్టి పట్టికలుగనే భావింపవలెనని ఒక వ్యాసమున ప్రతిపాదించెను. 1974లో అదే సంస్థలోని డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు ఆ పట్టికలతో సంభాషించుట కొక భాషను కల్పించిరి. నేడు ఎస్.క్యూ.ఎల్. అని లోకమంతట వ్యవహరింపబడునది దాని సంతతియే. పట్టికలను దాచియుంచు వ్యవస్థకు డేటాబేసు అని పేరు. అందులో క్రొత్త పద్దు వ్రాయు క్రియను ‘ఇన్సర్ట్’ అందురు.

ఇక స్క్రిప్టు అనగా చేయవలసిన పనులను వరుసగా వ్రాసిన చీటి. పైథాన్, పి.హెచ్.పి. మొదలగు భాషలలో దానిని వ్రాయుదురు. టైపు చేసిన పద్దులను ఆ స్క్రిప్టు చదివికొని, బంతిలో కూర్చుండబెట్టిన అతిథులవలె ఒకదాని ప్రక్క నొకటిగ తన జ్ఞాపకమున నిలుపుకొనును. దానిని ‘అర్రే’ యందురు. తెలుగున శ్రేణి యనవచ్చును. పద్దులు శ్రేణిగ నుండును. ఒక్కొక్క పద్దులోని గడులు మరల నొక శ్రేణి. ఈ శ్రేణి స్క్రిప్టు నడచినంతసేపే బ్రతికియుండును. పట్టికలోనికి చేరినపుడు గాని ఆ పద్దులకు స్థిరత్వము లేదు.

ఒక గ్రంథాలయమున ఆఱువేల పుస్తకములు గలవనుకొందురుగాక. దాఖలా సంఖ్య, తేది, గ్రంథకర్త, గ్రంథనామము, ప్రకాశకులు, ముద్రణ సంవత్సరము, వెల, వచ్చిన విధము అని ఎనిమిది గడులు. క్రొత్తగ నేర్చినవాడు స్క్రిప్టులో ఏమి వ్రాయును? శ్రేణిలో మొదటి పద్దు తీయుము, పట్టికలో వ్రాయుము, రెండవది తీయుము, వ్రాయుము, అని తుదివఱకు త్రిప్పును. ఇందు తప్పు లేదు. కాని ఆలస్యమున్నది. ఆ ఆలస్యమునకు కారణము విచిత్రమైనది.

వేఱుగ చెప్పనిచో డేటాబేసు ప్రతి ఇన్సర్టును ఒక సంపూర్ణ వ్యవహారముగ నెంచును. అనగా పద్దు వ్రాసి, అది డిస్కుమీద నిలిచినదని నిశ్చయించుకొని, అటుపిమ్మటనే రెండవ పద్దు చేపట్టును. కరెంటు పోయినను వ్రాసినది పోరాదను పట్టుదల దానిది. పూర్వపు తిరుగుడు డిస్కు నిమిషమునకు 7,200 చుట్లు, అనగా సెకనునకు 120 చుట్లు తిరుగును. ఎస్.క్యూ.లైట్ అను డేటాబేసును నిర్మించినవారు చెప్పిన లెక్క ప్రకారము ఒక్క వ్యవహారము ముగియుటకు సాధారణముగ రెండు చుట్లు కావలెను. కావున సెకనునకు అఱువది వ్యవహారములకు మించి సాగవు. ఆఱువేల పద్దులకు నూఱు సెకనులు. ఆ పద్దులనే ఒక్క వ్యవహారముగ కట్టియిచ్చినచో అదే డేటాబేసు సామాన్యపు కంప్యూటరుమీద సెకనునకు ఏబదివేల పద్దులు సులభముగ వ్రాయునని వారే చెప్పిరి. ఆ లెక్కను ఆఱువేలకు సెకనులో ఎనిమిదవ వంతు చాలును. తిరుగుడు లేని క్రొత్త డిస్కులపై ఈ నిరీక్షణము తగ్గినది గాని పూర్తిగ పోలేదు. డేటాబేసు దూరమున మఱియొక పట్టణములో నున్నచో ప్రతి పద్దునకు ఒక ఉత్తరము పంపి జవాబునకు ఎదురుచూచినట్లే యగును. బండెడు ధాన్యమును గింజగింజగ మోయుట ఎవరికి హితము?

కావున పద్దులను మోపులు కట్టి ఎక్కింపవలెను. ఎస్.క్యూ.ఎల్. భాషలో ‘ఇన్సర్ట్ ఇంటూ పుస్తకములు’ అని గడుల పేర్లు చెప్పి, ‘వాల్యూస్’ అను మాట తరువాత మొదటి పద్దును కుండలీకరణములలో నుంచి, కామా పెట్టి, రెండవ పద్దు, మూడవ పద్దు, అట్లు ఎన్నియైనను చేర్పవచ్చును. ఒక్క ఆజ్ఞ, అనేక పద్దులు. మోపు ఎంత పెద్దదిగ కట్టవచ్చుననుటకు మాత్రము ఒక్కొక్క డేటాబేసున కొక్కొక్క హద్దు గలదు. ఎస్.క్యూ.ఎల్. సర్వరు ఇట్టి ఆజ్ఞయందు వేయి పద్దులకు మించి సమ్మతింపదు. గడులలోని విలువలను వేఱుగ పంపునపుడు అవి 2,100 లోపుగనే యుండవలెను. పోస్ట్‌గ్రెస్ 65,535 విలువలవఱకు ఓర్చును. ఎస్.క్యూ.లైట్‌నకు ఈ హద్దు 999గ నుండి 2020లో 32,766కు పెరిగినది. ఎనిమిది గడుల పద్దులను నూఱేసి చొప్పున కట్టినచో మోపునకు ఎనిమిదివందల విలువలు. ఏ హద్దును దాటదు. ఆఱువేలకు అఱువది మోపులు చాలును.

కోత కాలమున కళ్ళములో రాశి కొలుచుట అందఱును చూచినదే. కొలుచువాడు ఒకటి యనక ‘లాభము’ అని మొదలుపెట్టును. నడుమ నెవడైన పలుకరించి లెక్క తప్పినచో తెలివిగలవాడు అందాజున ముందుకు పోడు. కొలిచినదానిని మరల రాశిలో కలిపివేసి, మొదటినుండి ‘లాభము’ అని అందుకొనును. పట్టికలోనికి పద్దుల నెక్కించుటలో ప్రాణమువంటి సంగతి ఇదియే. వేగము దీని తరువాతిది.

అఱువదింటిలో ముప్పదియేడవ మోపు ఎక్కుచుండగా కరెంటు పోయినదనుకొనుడు. లేదా ఒక పద్దులో దోషముండి డేటాబేసు నిరాకరించిన దనుకొనుడు. అప్పుడు పట్టికలో సగము పుస్తకములుండును, సగముండవు. చూచువానికి అది సంపూర్ణమైన పట్టికవలెనే కనబడును. అసంపూర్ణముగ నున్నదని ముఖముమీద వ్రాసియుండదు. నన్నయభట్టారకుడు అరణ్యపర్వమున నడుమ నిలిపిపోయిన భాగమును రెండు మూడు శతాబ్దుల పిమ్మట ఎఱ్ఱన పూరింపగలిగెననిన, ఎచ్చట నిలిచినదో లోకమునకు తెలిసియుండుటచేత గదా. నిలిచిన చోటు తెలియని గ్రంథమును ఏ ఎఱ్ఱనయు పూరింపజాలడు.

దీనికి డేటాబేసువారు చెప్పు ఉపాయమే ‘ట్రాన్సాక్షన్’. మొదట ‘బిగిన్’ అని చెప్పి, అఱువది మోపులను పంపి, అన్నియు సవ్యముగ చేరినవని తెలిసిన పిదప ‘కమిట్’ అనవలెను. కమిట్ అనువఱకు వ్రాసిన దేదియు వ్రాసినట్లు కాదు. నడుమ చెడినచో ‘రోల్‌బ్యాక్’ అన్నంతనే పట్టిక మొదట నున్న స్థితికి మరలును. కరెంటు పోయి ఆ మాట చెప్పువాడు లేకపోయినను, డేటాబేసు మరల లేచినపుడు తానే ఆ సగము పనిని చెఱిపివేయును. ఈ భావమునకు శాస్త్రరూపమిచ్చినవారిలో ముఖ్యుడు జిమ్ గ్రే. ఇది వ్యవహార ధర్మములోని ఒప్పందమునుండి వచ్చినదేయని 1981లో ఆయన వ్రాసెను. 1998లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము లభించినది. క్రయపత్రమును సగము వ్రాసి సగము భూమి అమ్మినట్లు ఎవరును చెప్పరు. సంతకములు పడినవఱకు అది వట్టి కాగితము.

ఇందొక హెచ్చరిక అవసరము. మైఎస్‌క్యూఎల్ అను ప్రసిద్ధ డేటాబేసునందు పూర్వము ‘మైఐశామ్’ అను పద్ధతిలో పట్టికలు అప్రయత్నముగ ఏర్పడుచుండెడివి. ఆ పద్ధతికి ట్రాన్సాక్షన్ తెలియదు. రోల్‌బ్యాక్ అన్నను అది వ్రాసినది చెఱుపదు. 2010లో వెలువడిన 5.5 ప్రతినుండి ‘ఇన్నోడిబి’ అను పద్ధతి దాని స్థానమున వచ్చినది. పాత పట్టికలను వారసత్వముగ పొందినవారు అది ఏ పద్ధతియో ముందుగ చూచుకొనవలెను.

రెండవ సంగతి, ఒకే పద్దు రెండుమార్లు ఎక్కుట. పని సగములో నాగినదని భయపడి స్క్రిప్టును మరల నడిపినవారు కలరు. ఆఱువేల పుస్తకములు తొమ్మిదివేలైనవి చూచి గ్రంథాలయము వృద్ధిపొందినదని సంతోషింపరాదు. దాఖలా సంఖ్యను పట్టికకు ‘ప్రైమరీ కీ’గ నిర్ణయించినచో అదే సంఖ్య రెండవమారు రాగానే డేటాబేసు అడ్డగించును. ఆ అడ్డగింత చిరాకు పుట్టించుననుట నిజమే. చిరాకునకు ఓర్వలేక ‘ఇన్సర్ట్ ఇగ్నోర్’ అను మాట వాడి ఆ నోటిని మూయించువారు కలరు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ మాట దోషములను హెచ్చరికలుగ తగ్గించి, ఇమడని పద్దును చప్పుడు చేయక విడిచిపెట్టును. ఇద్దఱు పిల్లలు వేర్వేఱు పుస్తకములకు పొరపాటున ఒకే సంఖ్య టైపు చేసియుండినచో ఒక పుస్తకము అదృశ్యమగును; చెప్పువాడుండడు. లెక్కలు వ్రాయువానికి తప్పును చూపు గుమాస్తా శత్రువు కాడు. దాఖలా పుస్తకమువంటి వానియందు ‘ఇగ్నోర్’ అను మాటను పొలిమేర దాటించుట మేలు.

ఇక శ్రేణిలోనే యుండు దోషములు. ఇవి మిక్కిలి ఎక్కువ. వీనిలో కంప్యూటరు తప్పు రవంతయు లేదు. ఒక పుస్తకమునకు గ్రంథకర్త పేరు తెలియదు. టైపు చేసినవాడు గడి ఖాళీగ నుంచుటకు మాఱు గడినే ఎగురగొట్టెను. అంతట గ్రంథనామము గ్రంథకర్త స్థానమునకు, ప్రకాశకులు గ్రంథనామమునకు, ముద్రణ సంవత్సరము ప్రకాశకుల గడికి జరుగును. వెల ముద్రణ సంవత్సరపు గడికి జరిగి, వచ్చిన విధము వెల గడిన కూర్చుండును. స్క్రిప్టు ఎక్కించుటకు ముందు ప్రతి పద్దులోను ఎనిమిది గడులున్నవో లేవో లెక్కించి, లేనిదానిని వేఱు పెట్టవలెను. ఇది నాలుగు పంక్తుల పని.

శూన్యము వేఱు, తెలియకపోవుట వేఱు. ఉచితముగ పంచిపెట్టిన పుస్తకము వెల సున్న. దాత యిచ్చిన అట్టలేని పుస్తకము వెల తెలియదు. ఈ రెండింటిని సున్నగ వ్రాసినచో ఆస్తి లెక్కయే తప్పును. తెలియనిదానికి ఎస్.క్యూ.ఎల్.లో ‘నల్’ అను గుర్తు గలదు. దాత లిచ్చిన ప్రాత గ్రంథములతో మఱియొక చిక్కు. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చుటకు ముందు అచ్చైన పుస్తకములపై వెల రూపాయ–అణా–పైసలలో నుండును. రెండు రూపాయల ఎనిమిది అణాలను 2–8–0 అని యున్నదున్నట్లు టైపు చేసినచో, కఠిన నియమము పెట్టని మైఎస్‌క్యూఎల్ మొదటి అంకెను మాత్రము గ్రహించి రెండు రూపాయలని వ్రాసికొనును. ఎనిమిది అణాలు గాలికి పోవును. పదునాఱణాల రూపాయ లెక్కన దానిని 2.50గ మార్చి ఎక్కింపవలెను. ధనము వ్రాయు గడి ‘డెసిమల్’గ నుండవలెను గాని ‘ఫ్లోట్’గ నుండరాదు. ఫ్లోట్ పద్ధతిలో పది పైసలవంటి చిన్న మొత్తముకూడ సరిగా ఇమడక రవంత తేడాతో నిలుచును. వేలకొలది మొత్తములు కూడునపుడు ఆ రవంత బయటపడును. దాఖలా సంఖ్యను 0042 అని వ్రాసుకొను అలవాటున్నచో దానిని అక్షరముల గడిలో నుంపవలెను. అంకెల గడిలో మొదటి సున్నలు నిలువవు.

ఆంగ్ల పుస్తకముల పేర్లలో తల పైన వ్రేలాడు చిన్న కొమ్మువంటి గుర్తుండును. గలివర్స్ ట్రావెల్స్ అను గ్రంథమును చూచినవారికి అది తెలియును. ఎస్.క్యూ.ఎల్. భాషలో ఒక పేరు ఇచ్చట మొదలైనది, ఇచ్చట ముగిసినది యని చెప్పుటకు వాడునది సరిగా ఆ గుర్తే. ఆజ్ఞలో పేరును అతికించి వ్రాసినచో డేటాబేసు ‘గలివర్’ వద్దనే పేరు ముగిసినదని తలంచి, మిగిలినది ఆజ్ఞ యనుకొని తికమకపడును. తికమకతో పోయిన మంచిదే. దుర్జను డొకడు పేరు ముసుగులో పట్టికను నశింపజేయు ఆజ్ఞనే చొప్పింపవచ్చును. కావున ఆజ్ఞలో విలువలకు బదులు ప్రశ్నార్థకపు గుర్తులు మాత్రముంచి, విలువలను వేఱు పొట్లముగ పంపవలెను. అప్పుడు పేరులో ఏ గుర్తున్నను అది పేరే యగును.

తెలుగు గ్రంథాలయమునకు అన్నిటికంటె పెద్ద అపాయము అక్షరములది. యూనికోడ్ ఏర్పాటున తెలుగు లిపికి ప్రత్యేకముగ స్థానములు గలవు. ‘తెలుగు’ అను మాట కంటికి మూడక్షరములు. యంత్రమునకు తకారము, ఎత్వము, లకారము, కొమ్ము, గకారము, కొమ్ము, వెరసి ఆఱు గుర్తులు, యు.టి.ఎఫ్-8 పద్ధతిలో గుర్తునకు మూడు బైట్ల చొప్పున పదునెనిమిది బైట్లు. పట్టిక ఈ పద్ధతిలో లేక, పశ్చిమ యూరపు అక్షరములకు ఏర్పడిన ‘లాటిన్-1’ పద్ధతిలో నున్నచో, కఠిన నియమము లేనప్పుడు ఆ ఆఱు గుర్తులకు ఆఱు ప్రశ్నార్థకములు పడును. మైఎస్‌క్యూఎల్‌లో 2018 నాటి 8.0 ప్రతివఱకు లాటిన్-1యే అప్రయత్న పద్ధతి. పనివాడు ఆంగ్ల గ్రంథములు పది ఎక్కించి బాగున్నదని కమిట్ చేయును. తెలుగు గ్రంథములు, కవులు, దాతలు, అందఱును ప్రశ్నార్థకములగుదురు. ఒకసారి ప్రశ్నార్థకమైన పేరునుండి మరల పేరును రప్పించు విద్య లేదు. అన్ని పేర్లకును గుర్తు ఒక్కటే గదా. ముద్రణాలయములలో వాడిన పాత ఫాంట్లతో టైపు చేసిన జాబితాలైతే ముందు యూనికోడ్‌లోనికి మార్చుకొనవలెను. ఆ ఫాంటు లేని చోట అవి అర్థము లేని ఆంగ్లాక్షరములుగ కనబడును. ఏ పట్టికయైనను ఆఱువేలు ఎక్కించుటకు ముందు వత్తులు, సంయుక్తాక్షరములు గల తెలుగు పేర్లు ఐదాఱు ఎక్కించి, మరల బయటికి తీసి చదివిచూచుట అవసరము.

పద్దులు లక్షలకొలది యున్నచో ఫైలును నేరుగ మ్రింగు ఆజ్ఞలు గలవు: పోస్ట్‌గ్రెస్‌లో ‘కాపీ’, మైఎస్‌క్యూఎల్‌లో ‘లోడ్ డేటా’. అవి మిక్కిలి వేగవంతములు. పల్లెటూరి గ్రంథాలయమునకు అంత అక్కఱ రాదు.

కమిట్ అనుటకు ముందు సరిచూచుట మిగిలినది. పనిచేసిన యువకునకును, ముప్పదియేండ్లు లెక్కలు చూచిన వృద్ధునకును సంభాషణ సామాన్యముగ నిట్లుండును.

“అన్నియు ఎక్కినవి, తాతగారూ.”

“అన్నియు ననగా ఎన్ని, నాయనా?”

“లోపమేదియు రాలేదండి.”

“లోపము సంగతి కాదు. సంఖ్య చెప్పు.”

సంఖ్యయొకటి చాలదు. శ్రేణిలోని పద్దులెన్ని, పట్టికలోనివి ఎన్ని. శ్రేణిలోని వెలల మొత్తమెంత, పట్టికలోని మొత్తమెంత. మొదటి దాఖలా సంఖ్య ఏది, కడపటిది ఏది, నడుమ లేనివి ఏవి. ఈ ప్రశ్నలను స్క్రిప్టుచేతనే అడిగించి, సరిపోయిననే కమిట్, లేనిచో రోల్‌బ్యాక్ అని వ్రాయవచ్చును. పిమ్మట ఏవైన ఇరువది పద్దులను చీట్లు వేసి తీసి, కాగితపు రిజిస్టరుతో పోల్చి ఒకరు చదువ నొకరు చూడవలెను.

అట్లు చూచునపుడు కడపటి సంఖ్య 6,000 యైనను పద్దులు 5,997 మాత్రమే యుండవచ్చును. యంత్రమును నిందించుటకు ముందు పాత రిజిస్టరు తెఱచినచో, రెండు సంఖ్యలు తనిఖీనాడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయబడి యుండును. మూడవ సంఖ్యను, పుట త్రిప్పునపుడు, వ్రాసినవాడే దాటియుండును. ఆ మూడు సంఖ్యలను, అవి లేకపోవుటకు కారణమును ఒక కాగితముమీద వ్రాసి, గ్రంథపాలకుడును పనిచేసిన యువకుడును సంతకములు చేసి, తేది వేసి, రిజిస్టరు కడపటి పుటకు అంటింపవలెను. రిజిస్టరును బీరువాలో భద్రపఱుపవలెను.